చట్టం మారినందుకు సాక్ష్యం

ఈ రోజు టొరంటోలో, నార్త్ యార్క్‌లోని మా తెలుగు చర్చిలో ఆరాధన ముగుస్తుండగా, ప్రసాద్ అన్నయ్య ఫోన్‌లో వార్త చూసి లేచాడు. తక్కువ అద్దెకిచ్చే సబ్సిడీ ఇళ్ల మీద కెనడా ఫెడరల్ ప్రభుత్వం చట్టం మళ్లీ మార్చిందట.

"రూతు ఆంటీ, మీ ప్రార్థనకి జవాబొచ్చేసింది! రండి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పండి" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

సబ్సిడీ అపార్ట్‌మెంట్‌కి ఆంటీ అప్లై చేసి ఏళ్లు గడిచాయి. లిఫ్ట్ ఉన్న ఇల్లు దొరకాలని ప్రతి ఆదివారం ప్రార్థన మనవి చెప్తారు. ఆమె మెల్లగా మైకు దగ్గరికి వెళ్లారు.

"లా మారింది, సంతోషమే బాబూ. మీ అంకుల్ మాత్రం ఇవాళ పొద్దున కూడా మేముండే బేస్‌మెంట్ మెట్లు, మెట్టుమెట్టుకీ కూర్చుంటూ ఎక్కారు. తాళంచెవి చేతికొచ్చాక సాక్ష్యం చెప్తాను. అప్పటిదాకా ప్రార్థనలోంచి మా పేరు తీసెయ్యకండి."

ప్రసాద్ అన్నయ్య ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఇలాంటి వార్తలకు చప్పట్లు కొట్టీ కొట్టీ నా చేతులూ అలసిపోయాయి.

ఇలా చట్టం మారినందువల్ల మీకు తెలిసినవాళ్లలో ఎవరికైనా ఇల్లు వచ్చిందా? వస్తే చెప్పండి. ఆ సాక్ష్యం వినడానికి ఆంటీనీ అంకుల్‌నీ ఎక్కించుకుని నాలుగు గంటల దూరంలోని విండ్సర్ దాకా అయినా డ్రైవ్ చేస్తాను. కాకపోతే, అంకుల్ మెట్లెక్కి పైకి రావడానికి కాస్త టైమివ్వండి.