అమ్మ కొంగుతో తుడిచిన తాత ముఖం

మా చిన్నప్పుడు... సిద్దిపేటలో మా ఇంటి గుమ్మంలో మా బాపు, అంటే మా నాన్న, ఒక చేత్తో అమ్మ బొట్టు పెట్టుకునే అద్దం, ఇంకో చేత్తో బొగ్గుముక్క పట్టుకుని కూర్చునేవాడు. అద్దంలో తన ముఖం చూసుకుంటూ, చనిపోయిన మా తాత బొమ్మ గీసేవాడు. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ నవ్వేవాళ్ళు...

తాతవి నైజాం రోజులు. తాత ఒక్క ఫోటో కూడా దిగకుండానే పోయాడు. బాపుకు తాత పోలికలే... అదే ముక్కు, అదే దవడ. పెద్ద మీసం, నెత్తికి రుమాలు చేరిస్తే తాతే అని అందరూ అనేవాళ్ళు. అందుకే ఆ అద్దం.

ఇదంతా మా బాపమ్మ కోసం, బాపును కన్నతల్లి కోసం. ఆమె కళ్ళకు పొరలు కమ్మాయి. తలుపు తీసి ఉందా, మూసి ఉందా అన్నంత వరకే తెలిసేది. ఒకరోజు ఉన్నట్టుండి బాపు చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"మీ నాయిన మొఖం యాదికొస్తలేదు కొడుకా... మాట యాదికుంది, నడక యాదికుంది, మొఖమే జారిపోతుంది."

ఆ మాటకు బాపు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ కళ్ళు పూర్తిగా పోకముందే ఆమెకు తాతను చూపించాలని పట్టు పట్టాడు.

బాపు నేతగాడు. చీర కొంగు మీద గొల్లభామ బొమ్మను నేయడంలో మా వాడలో ఆయనకు సాటి లేదు (నా తండ్రి అని చెప్పడం లేదు, నిజంగానే లేదు). కాగితం మీద గళ్ళు కొట్టుకుని, భామ నెత్తి మీద చల్లకుండ, చేతిలో కోలాటం కర్ర... అన్నీ గీతలతోనే తేల్చేసేవాడు. తాతను కూడా అలాగే గీశాడు. చక్కని సన్నని గీతలు. మాకైతే తాత దిగి వచ్చినట్టే అనిపించింది!

బాపమ్మ కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూసింది.

"కాయితం మంచిగుంది కొడుకా. బొమ్మ ఎప్పుడు గీస్తవ్?"

నేను పకపకా నవ్వాను. అమ్మ నా నెత్తిన ఒకటి మొట్టింది. బాపు మాత్రం గీతలన్నీ లావు చేసి మళ్ళీ తెచ్చాడు. ఈసారి బాపమ్మ, "గివి కిటికీ ఊసలా?" అని అడిగింది. పాపం, బాపు ముఖం చూడాలి అప్పుడు...

మర్నాడు పొద్దున గుమ్మంలో ఎండ పడుతుంటే బాపు అద్దం ముందు పెట్టుకుని, బొగ్గు ముట్టకుండా ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి అరిచాడు.

"నా ముక్కుకు గీత ఏడున్నదే? గీత లేనే లేదు! గిటు ఎండ, గటు నీడ... గంతే!"

ఇన్నేళ్ళు గీతలతోనే బతికిన మనిషికి ఆ సంగతి ఎవరూ నేర్పలేదు. చూసి పట్టుకున్నాడు. ఇప్పటికీ అదే నాకు ఆశ్చర్యం. నూలు దుకాణం నుంచి కొత్త దళసరి కాగితం తెచ్చి, కంది కట్టె బొగ్గుతో ముఖంలో ఎండ తగలని వైపంతా నల్లగా రుద్దాడు. నీళ్ళు తాగుదామని లేచి లోపలికి వెళ్ళాడు.

అదే సమయానికి అమ్మ వచ్చి చూసింది. మామగారి ముఖం సగం మసి!

"అయ్యో, మామ మొఖానికి గింత మసి ఎట్లంటింది!" అంటూ చీర కొంగుతో చెంపంతా తుడిచేసింది. భక్తిగా, మెత్తగా, నిద్రపోయే పిల్లవాడి ముఖం తుడిచినట్టు.

బాపు చెంబుతో బయటికి వచ్చి కొయ్యబారిపోయాడు. అమ్మకు తప్పు తెలిసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది... ఆ కొంగంతా నలుపు. ఇంక తిట్లే అనుకున్నాను నేను. బాపు తిట్టలేదు. వంగి, బొమ్మను అలాగే చూశాడు.

అమ్మ తుడిచినచోట నలుపు పొగలాగా పలచబడి ఎండ వైపుకు మెల్లగా కలిసిపోయింది. చెంప గుండ్రంగా పైకి లేచింది. అంతవరకు గోడకు కొట్టిన సున్నంలా చదునుగా ఉన్న ముఖం మనిషి ముఖమైంది.

"గా ముక్కు పక్కన గూడ జర తుడువు," అన్నాడు బాపు మెల్లగా.

ఆ పూట మగ్గం నడవలేదు. ఆయన నలుపు పెట్టడం, అమ్మ కొంగుతో సర్దడం. వెలుగు చాలనిచోట చల్లారిన జొన్నరొట్టె మెత్తటి ముక్కతో అద్దితే బొగ్గు లేచి తెలుపు బయటపడింది. నుదుటి మీద, ముక్కు దూలం మీద, మీసం కింద పెదవి మీద... అమ్మే ఎక్కడెక్కడ అద్దాలో చెప్పింది. నా తల్లిదండ్రులు పక్కపక్కన కూర్చుని అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడటం అదే మొదలు.

సాయంత్రం బొమ్మను తీసుకెళ్ళి మంచం మీద ఉన్న బాపమ్మ ముందు పట్టుకున్నారు. ఆమె తల ఇటు తిప్పింది, అటు తిప్పింది.

ఆమె కాళ్ళు కిందికి దించింది. గోడ పట్టుకుని, మంచం దిగి, నిలబడింది. కొంగు నిండుగా కప్పుకుంది.

"కూసో అవ్వా, పడ్తవ్," అన్నాడు బాపు కంగారుగా.

"మీ నాయిన ముంగట మంచంల ఎట్ల కూసుంట రా?" అంది బాపమ్మ.

బాపు గుమ్మం దాటి బయటికి వెళ్ళి ఏడ్చాడు. నేను చూశాను...

పటం కట్టించని బొమ్మ కదా, కొన్నేళ్ళకు బొగ్గంతా రాలిపోయింది. ఇప్పుడు నా మనవరాలి ఫోన్‌లో నా ముఖాలే వందలున్నాయి. వేలితో తోసేస్తూ పోతుంది, ఒక్కదాని దగ్గరా ఆగదు. దాన్ని అనడం కాదు, నేనూ ఆగను.

ఫోటో లేకుండానే పోయినవాళ్ళు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. వాళ్ళ ముఖం ఎలా ఉండేదో నాలుగు మాటలు ఇక్కడ రాయండి... జారిపోకముందే.