మా ఇంట్లో పరుగెత్తకూడదు

మా ఇంట్లో ఎవరూ పరుగెత్తకూడదు. బస్సు కదిలిపోతున్నా, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నడిచే వెళ్లాలి. ఈ చట్టం చేసింది మా ఆయన. చేసే ఉద్యోగం మాత్రం పందెపు గుర్రాల దగ్గర. పగలంతా పరుగుల మీద బతికే మనిషి, గుమ్మంలో అడుగు పెట్టగానే "నెమ్మదే, నెమ్మది" అంటూ నా వెంట పడతాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వేస్తుంటాను.

మొదట్లో ఇలా లేడు. లాయంలో గుర్రాలకు మాలిష్ చేయడం, మేత పెట్టడం, పరుగు అయ్యాక ఒళ్లు చల్లబడేదాకా నడిపించడం ఆయన పని. నా పుట్టినరోజు గుర్తుండేది కాదు గానీ, ఏ గుర్రానికి ఏ కాలి గిట్ట మెత్తనో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. వాటిలో నల్లోడని ఒకడుండేవాడు. వాడికి చేసిన సేవలో పావు వంతు నాకు చేసి ఉంటే నేనూ ఏదో ఒక పందెం గెలిచేదాన్ని. "వాడికి దువ్వెన, నాకు వాడి దుమ్ము" అని దెప్పితే, సిగ్గులేకుండా తలూపేవాడు.

పోయిన ఏడాది నల్లోడు పెద్ద పందెం గెలిచాడు. జాకీ దిగాడు. ఫొటో కోసం గుర్రాన్ని నిలబెట్టమన్నారు. మా ఆయన జేబులోంచి దువ్వెన తీసి, జన్మలో మొదటిసారి తల దువ్వుకుని, కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. నల్లోడు ఒకసారి తల విదిలించాడు. ముందుకాళ్లు మడతపడ్డాయి. అలాగే పక్కకు కూలిపోయాడు, మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఒక్కనాడూ నలతగా ఉన్నది లేదు, మేత వదిలింది లేదు.

ఆ రోజు ఆయన కంట చుక్క నీరు రాలేదు. కానీ బుర్రలో ఒకటే మాట పాతుకుపోయింది. వాణ్ని అలా నిలబెట్టకుండా నడిపించి ఉంటే బతికేవాడట. ఫొటో కోసం ఆశపడి తనే చంపుకున్నాడట. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది గానీ ఆయన చెవికెక్కలేదు. అదిగో, ఇంట్లో చట్టం వచ్చింది అప్పుడే.

నా సంగతి సరే, నేను ఎలాగూ నత్తనే. మా అమ్మాయితోనే వచ్చింది చిక్కు. దాన్ని వీధంతా పిడుగు అంటారు. నడక రాకముందే పరుగు నేర్చుకున్న రకం. బడిలో పరుగుపందేనికి దాన్ని ఎంచుకున్నారు. ఇంట్లో అడిగి రమ్మన్నారు ఆటల మాస్టారు.

"కుదరదు" అన్నాడు మా ఆయన, అన్నం కలుపుకుంటూ.

"ఎందుకు నాన్నా?"

"నల్లోడు కూడా నీలాగే బాగుండేవాడు."

"నేనేమన్నా గుర్రాన్నా?"

"దానికేం తీసిపోయావు?"

పిడుగు విసురుగా లేచి వెళ్లి తలుపేసుకుంది. ఆ తర్వాత నాన్నతో మాటల్లేవు. ఉప్పు కావాలన్నా నా ద్వారానే రాయబారం. ఇద్దరిదీ ఒకటే మొండితనం, మధ్యలో నా తల ప్రాణం తోకకొచ్చింది. పైకి అలక గానీ లోపల పిల్ల నలిగిపోతోంది. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని, ఆడుకునే పిల్లల కాళ్ల వంక చూస్తుండేది. చూస్తూ ఊరుకోలేక మా ఆయన ముందు కూర్చున్నాను.

"డాక్టరుకు చూపిద్దాం. ఆయన ఏం చెబితే అది" అన్నాను. ఆశ్చర్యం, వెంటనే ఒప్పుకున్నాడు! ముగ్గురం బయల్దేరాం. ఆసుపత్రి ఉన్న వీధి దాటిపోయింది. చూస్తే లాయం గేటు ముందున్నాం.

"ఏమండీ, ఊరు గొడ్డుపోయిందా? మనుషుల డాక్టరే దొరకలేదా?"

"పరుగెత్తే గుండెల గురించి వాళ్లకేం తెలుసే" అన్నాడు.

గుర్రాల డాక్టరు బకెట్టులో చేతులు కడుక్కుంటున్నాడు. "ఏది, గుర్రమేది?" అన్నాడు అటూ ఇటూ చూసి.

"ఈ పిల్లేనండి. రోజంతా గుండెను పట్టి చూసే మిషను ఉంది కదా, గుర్రాలకు పట్టీతో కడతారు, అది కట్టండి."

పిడుగు సిగ్గుతో చచ్చిపోయి నా వెనక దాక్కుంది. డాక్టరు పగలబడి నవ్వాడు. "ఆ పట్టీ చుడితే ఇక పిల్ల కనపడదయ్యా. నాలుగు కాళ్లుంటేనే నా దగ్గరికి రావాలి."

"మీరు బాగుందంటేనే నేను నమ్ముతానండి."

డాక్టరు నవ్వు ఆపేశాడు. చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చాడు.

"నన్నేం నమ్ముతావు? ఆ రోజు పొద్దున నల్లోడి గుండె చూసింది నేనే. చక్కగా కొట్టుకుంది. పోయాక కోసి చూసిందీ నేనే. అప్పుడూ ఇదీ కారణమని దొరకలేదు. కొన్ని గుర్రాల సంగతి అంతేనయ్యా, చివరిదాకా తెలియదు."

"నేను నిలబెట్టబట్టి కదండీ..."

"కాదు. నడిపించినా పోయేవాడే. ఏడాదిగా ఇదా మోస్తున్నావు?"

మా ఆయన అక్కడే గడ్డిమోపు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పిడుగు వెళ్లి పక్కన కూర్చుంది. మాటలు లేవన్న సంగతి మరిచిపోయింది.

"పిల్లను మనుషుల డాక్టరుకు చూపించు. సరేనంటే పరుగెత్తనివ్వు" అన్నాడు డాక్టరు. "హామీ మాత్రం ఎవరినీ అడక్కు, ఎవరి దగ్గరా ఉండదు."

మనుషుల డాక్టరు చూశాడు, ఏ లోపమూ లేదన్నాడు. మా ఆయన కూడా సరేనన్నాడు, పన్ను పీకించుకుంటున్న ముఖంతో.

పందెం రోజు అందరి నాన్నలూ కుర్చీల్లో కూర్చుంటే, ఈయన బకెట్టు నీళ్లు, భుజాన దుప్పటి పెట్టుకుని గీత దగ్గర కాపు కాశాడు. ఎవరో "గుర్రాలు కూడా ఉన్నాయా?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఈల వేశారు. పిడుగు నిజంగానే పిడుగులా వచ్చింది. ఛాతీతో దారం తెంపి అందరికంటే ముందు గీత దాటింది. నేను గంతులేస్తుంటే ఈయన తాడు కింద నుంచి దూరి, దాని మణికట్టు పట్టుకుని గబగబా నడిపించడం మొదలుపెట్టాడు.

"ఆగకు. నడువు, నడువు."

మైకులో పేరు పిలుస్తున్నారు. ఫొటో తీసేవాడు వెంట పడుతున్నాడు. "నాన్నా, ఫొటో!" అంది పిడుగు రొప్పుతూ.

"నడుస్తూనే దిగు."

మైదానం చుట్టూ ముందు వీళ్లిద్దరూ, వెనక ఫొటో తీసేవాడూ తిరుగుతుంటే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, దగ్గరికి వెళ్లి చూస్తే ఆయన వేళ్లు దాని నాడి మీదే ఉన్నాయి, పెదాలు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. పిడుగు కూడా చూసింది. దాని రొప్పు తగ్గింది. అప్పుడు చెయ్యి విడిపించుకోకుండానే నిదానంగా ఆగింది.

"నాన్నా, ఇప్పుడు ఆగుతున్నా."

ఆయన గట్టిగా కళ్లు మూసుకున్నాడు. మణికట్టు మాత్రం వదల్లేదు. ఫొటో తీసేవాడు ఆ క్షణమే నొక్కాడు.

"కళ్లు తెరువు నాన్నా. నిలబడే ఉన్నాను."

ఆ ఫొటో మా ముందుగదిలో తగిలించాం. అందులో పిడుగు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది, మా ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఈసారి తల దువ్వుకోలేదు.