సంఘం అన్నందుకు

మొన్న సూర్యాపేట బస్టాండు ఎదుట పెద్ద ఫ్లెక్సీ కట్టారు. కోదాడ, మిర్యాలగూడ జట్లతో పోటీలట, కింద ఎర్రటి అక్షరాలతో సూర్యాపేట క్రికెట్ సంఘం అని ఉంది. పిల్లల పెళ్లిళ్లయ్యాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి కనుక ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. క్రికెట్ దాకా బాగానే వచ్చి, చివరి మాట దగ్గర నోరు మూతపడింది, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. నా ఈడువాళ్లకు ఇందులో వింతేమీ లేదు. చిన్నవాళ్లకే చెప్పాలి.

నిజాం పాలన కూలడానికి ముందు మా వైపు సంఘం అంటే ఒక్కటే. దొరల మీద తిరగబడి ఎర్రజెండా పట్టినవాళ్లు సంఘపోళ్లు. ఆ మాట ఇంట్లో కూడా గొంతు తగ్గించే అనేవాళ్లం, ఎందుకంటే అది విని పోలీసులు తీసుకుపోయిన మనిషి మళ్లీ గడప తొక్కుతాడన్న నమ్మకం లేదు.

అట్లాంటి కాలంలో మా బావకు, అంటే పెద్దక్క భర్తకు, క్రికెట్ పిచ్చి. ఆయనది కోదాడ. చిన్నప్పుడే సరిహద్దు దాటి బెజవాడలో చదువుకుని, మా ఊళ్లో బియ్యం మిల్లులో గుమాస్తాగా కుదిరి, వస్తూ వస్తూ ఒక బ్యాటు తెచ్చాడు. కోసేసిన జొన్నచేలో కందికట్టెలు పాతి, మిల్లు హమాలీలను, దర్జీ కొడుకును, గొర్లు కాసుకునే నన్ను పోగుచేసి ఆట నేర్పాడు. ఆటలో ఆయనకు ఒకటే జబ్బు, ఔటయితే ఒప్పుకోడు. మధ్య కట్టె ఎగిరి అవతల పడ్డా గాలికి పడిందనేవాడు, కాకపోతే నా కాలు గీత దాటిందనేవాడు, అందరం మీదపడి అరిచేదాకా బ్యాటు వదిలేవాడు కాదు. మీ బావను బాలుతోని ఔట్ చేసుడు కాదురా, కచేరీల దావా ఏసి దింపాలె అని దర్జీ కొడుకు ఎకసెక్కాలాడేవాడు.

మిర్యాలగూడవాళ్లు ఆటకు పిలిచారు. బావ పాత పంచె ముక్క మీద జాజుతో, అదే గోడలకు పూసే ఎర్రమన్నుతో, జట్టు పేరు రాసి మేం పోయే మిల్లు లారీ ముందు కట్టించాడు. మేం నోటితో టీము అనే అనుకునేవాళ్లం, ఆయన ఏం రాశాడో చదవగలిగినవాడు మాలో ఒక్కడూ లేడు. ఆయన చదువుకున్న చోట భజన సంఘం, యువజన సంఘం అని అందరూ మామూలుగా అనేవారు. ఈ వైపు ఆ మాట ఎంత బరువో, వచ్చి ఏడాది తిరగని మనిషికి ఇంకా తలకెక్కలేదు. అక్కకు నెలలు నిండుతున్నాయి. పొద్దుగూకేలోపు మనిషిని తెచ్చి అప్పజెప్పమని నాతో గట్టిగా చెప్పి పంపింది.

నేరేడుచర్ల దాటాక తుమ్మచెట్ల చాటు నుంచి పోలీసులు తుపాకులతో వచ్చి బండి ఆపారు. మేమంతా బండిలోనే ముడుచుకున్నాం. బావ ఒక్కడే నవ్వుతూ దిగి, గుడ్డ చూపించాడు.

"మేం సంఘం వాళ్లమండీ, మిర్యాలగూడ వెళ్తున్నాం."

అంతే. బావ చేతులు వెనక్కి విరిచి కట్టారు. తెలుగు వచ్చిన జవాను ఒకడు గుడ్డ మీది అక్షరాలు చదివి వాళ్ల పెద్ద జమేదారుకు వినిపించాడు, ఎర్రగా రాశారని కూడా కలిపాడు. బ్యాటును తిప్పితిప్పి చూశారు. బావను చెట్ల వైపు నెడుతుంటే అక్క మాట చెవిలో గింగురుమంది. దర్జీ కొడుకు ఉర్దూలో కాళ్లావేళ్లా పడ్డాడు, ఇది ఆట సాబ్, ఉత్త ఆట అని. జమేదారు కాసేపు చూసి, ఆటయితే ఆడి చూపండి, ఎవడు ఉరికినా కాలుస్తాం అన్నాడు.

బాట పక్కన కట్టెలు పాతి, బావ కట్లు విప్పి బ్యాటిచ్చారు. ఉరకొద్దన్నారు కనుక నిలబడ్డ చోటి నుంచే వేశాను, బంతి ఎటో పోయింది. తర్వాతిది బావ కొట్టాడు. బంతి పొదల్లోకి పోతుంటే దర్జీ కొడుకు అలవాటు చొప్పున అటు ఉరకబోయాడు, తుపాకులు లేచాయి. కదలకు అని బావ అరిచిన అరుపుకు వాడు ఒంటికాలి మీద ఆగాడు. చివరికి జవానే గొణుక్కుంటూ పోయి బంతి తెచ్చాడు. ఈసారి నేను వేసింది తిన్నగా పోయి మధ్య కట్టెను పడగొట్టింది. బావ కట్టెను చూశాడు, నన్ను చూశాడు.

"నేను ఔట్ కాదు. వాడు ఉరక్కుండా వేశాడు, అది చెల్లదు."

దర్జీ కొడుకు తుపాకుల సంగతే మరిచిపోయాడు.

"పానం మీదికొచ్చినా గదే మాటనా బావా? ఔటే, దిగు."

హమాలీలు కూడా ఔటే ఔటే అని ఎగబడ్డారు, బావ గీత గీసి మరీ వాదించాడు, ఆఖరికి మీరే చెప్పండి సాబ్ అని జమేదారు వైపే తిరిగాడు. ఆయన మీసాల కింద నవ్వు ఆపుకోలేక వేలెత్తి ఔట్ అన్నాడు. సంఘపోళ్లయితే ఇట్లా కొట్లాడుకోరన్నాడు. గుడ్డలోంచి సంఘం అన్న చివరి మాటను మాత్రం బావ చేతే చింపించి, అక్కడే కాల్పించాడు. ఆ ముక్క బూడిదయ్యాక బావ ఎవరూ అడక్కుండానే బ్యాటు నా చేతిలో పెట్టాడు.

మిర్యాలగూడ పోలేదు. బండి తిప్పాం. పొద్దుండగానే అక్కకు మనిషిని అప్పజెప్పాను.

తర్వాత పాలన మారింది, టీము అనే పేరుతోనే చాలా ఏండ్లు ఆడాం. కాని ఆ రోజు నుంచి బావ ఔట్ దగ్గర మళ్లీ వాదించలేదు. కట్టె కదలకపోయినా ఎవరో ఔట్ అంటే చాలు, బ్యాటు చంకన పెట్టుకుని వచ్చేసేవాడు. ఔట్ కాదు, ఉండు బావా అని మేమే బతిమాలేవాళ్లం. ఆయన తల అడ్డంగా ఊపి పోయి గట్టు మీద కూర్చునేవాడు.

ఇప్పుడు ఆ మాట బజారులో గాలికి కొట్టుకుంటున్నా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. మంచిదే, భయం పోయింది. బావ కూడా పోయాడు. గ్రౌండు పక్కగా పోతున్నప్పుడు ఏ పిల్లవాడైనా ఔట్ కాదని గొంతు చించుకుంటుంటే మాత్రం ఆగిపోతాను. తప్పు వాడిదేనని కళ్లకు కనబడుతూనే ఉంటుంది, అయినా వాడు బ్యాటు వదలకూడదనే ఉంటుంది నాకు.