ఏ మందు?

మా సిస్టర్‌గారు పోయారని మొన్న బుధవారం పొద్దున తాడేపల్లిగూడెం నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేశారు. ఏలూరులో, తాగుడు మాన్పించే మా కేంద్రంలో, ఆ ఫోన్ ఎత్తింది నేనే. ఆవిడ చేతిమీద బాగుపడి ఇళ్ళకెళ్ళినవాళ్ళకి లెక్కలేదు. సమాధికి వచ్చింది పట్టుమని పదిమంది. తాగిన రోజుల్లో ఆవిడ గుమ్మంలో పడి ఏడ్చినవాళ్ళకి, మానాక ఆ ఇల్లెక్కడో గుర్తులేకుండా పోయింది.

ఆరేళ్ళ క్రితం, డిగ్రీ పట్టుకుని ఎక్కడా పని దొరక్క, ఆవిడ కింద కౌన్సెలర్‌గా చేరాను. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా రిటైరై వచ్చిన మనిషి, అందుకే అందరికీ సిస్టర్‌గారు. ఎవరొచ్చినా ముందు "అన్నం తిన్నారా అండీ?" అనేవారు, తాగొచ్చి బూతులు తిట్టేవాడినైనా సరే. నాకు మాత్రం మొదటిరోజే ఒక షరతు పెట్టారు.

"ఏవయ్యా, ఇక్కడ మందు అనే మాట వాడకు. మాత్రని మాత్ర అను, బ్రాందీని బ్రాందీ అను."

ముసలావిడ చాదస్తం అనుకున్నాను.

రెండో నెలలో, మా దగ్గర వైద్యం చేయించుకుని వెళ్ళిన కొల్లేరు మనిషి ఒకాయన మళ్ళీ చూపించుకోవడానికి వచ్చాడు. చేపల చెరువు కాపలాదారు. ఆరోజు సిస్టర్‌గారు సెలవు.

"మందు వేసుకుంటున్నారా?" అన్నాను.

"వేసుకుంటున్నానండీ. రోజూ," అని తల దించుకున్నాడు.

"మంచిదేనండీ. మానకండి."

ఆయన నా మొహంలోకి అదోలా చూసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మాత్రలు సరిగ్గా వాడుతున్నాడని నేను కార్డు మీద రాసుకున్నాను.

నెల తిరక్కుండా తాగిన మైకంలో ఆ చెరువులోనే పడి చనిపోయాడు. భార్య వచ్చి సిస్టర్‌గారిని నిలదీసింది.

"మానొద్దన్నారంటగా అండీ మీ ఆఫీసులో! ఇంటికొచ్చి నాతో చెప్పి నవ్వాడండీ!"

సిస్టర్‌గారు నావైపు చూడనైనా చూడలేదు. "తప్పు నాదేనమ్మా," అన్నారు. కమిటీవాళ్ళ ముందూ అదే మాట చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఛీ, నేను నోరు విప్పలేదు. నా ఉద్యోగం ఇప్పటికీ నాకుంది.

వెళ్ళేరోజు, సామాను సర్దుకుంటూ, ఒక్కటే అన్నారు.

"ఆయన నీతో నిజమే చెప్పాడయ్యా. మన దగ్గరకొచ్చి నిజం చెప్పేవాళ్ళు రోజూ దొరకరు."

ఈ పని గురించి నాకు తెలిసిందంతా ఆ రెండు ముక్కలే. ఆ తర్వాత ఎవరినీ మందు గురించి అడగలేదు. మాత్రలా, బ్రాందీయా అని విడివిడిగా అడుగుతాను. ఆవిడకి ఆ సంగతి వెళ్ళి చెబుదామనుకుంటూనే ఇన్నేళ్ళూ గడిపేశాను.

మొన్న సమాధుల తోటలో గొయ్యి సగంలో ఆగింది. తవ్వేవాళ్ళు పలుగులు పక్కన పడేసి కూర్చున్నారు.

"ఏమైందండీ?" అని ఆవిడ తమ్ముణ్ణి అడిగాను.

"మందు కావాలంటున్నారు బాబూ. లేకపోతే తవ్వరంట."

ఏ మందని అడగక్కర్లేకపోయింది. ఆయన పెద్దాయన, ఎండలో తిరగలేరు. షాపుకెళ్ళి తెచ్చింది నేనే.

పెట్టె దించేటప్పుడు ఖాళీ సీసా మట్టికుప్ప మీద నిలబెట్టే ఉంది. ఎవరో తెచ్చిన బంతిపూల దండ దానికి ఆనుకుని ఉంది.