రిసాలి రోడ్డు మీద ఆగిన పరుగు

గత వానాకాలంలో మా బావ సత్యం భిలాయ్ నుంచి ఫోన్ చేశాడు. "మనోళ్లందరం పెళ్లిళ్లకీ దినాలకీ తప్పితే కలవట్లేదే భారతీ. ఈసారి పరుగెట్టడానికి కలుద్దుం" అన్నాడు. ఈ ప్రయాణం అలా మొదలైంది. బావ మా అక్క విజయ భర్త. స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ఇంజనీరు. యాభై దాటినా పొట్ట లేదు, సిగరెట్టు ముట్టడు, ఏ షిఫ్టు నుంచి వచ్చినా గంటసేపు పరుగెత్తందే స్నానం చేయడు. విశాఖలో నేనూ మావారు రవీ బీచ్ రోడ్డులో కబుర్లాడుకుంటూ నడిచేవాళ్లం తప్ప పరుగు ఎరగం. బావ వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి, రోజూ తిట్టి, మెచ్చుకుని, అయిదు నెలల్లో మమ్మల్ని భిలాయ్‌లో జరిగే హాఫ్ మారథాన్‌కి, అంటే ఇరవై ఒక్క కిలోమీటర్లకి, సిద్ధం చేశాడు.

విశాఖలో శుక్రవారం సాయంత్రం రైలెక్కాం. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా తెల్లారేసరికి రాయ్‌పూర్ చేర్చింది. అక్కడ లోకల్ రైలు మారితే గంటలోపే భిలాయ్ పవర్ హౌస్ స్టేషన్. దారిలో చరోదా యార్డు దగ్గర గూడ్సు పెట్టెల వరసలు ఎంతకీ తరగలేదు. స్టేషన్ బయట ఆటోకి నూట యాభై అయింది. బ్యాగుకి కట్టిన బూట్లు చూసి డ్రైవరు, "దౌడ్‌నే ఆయే హో దీదీ?" అన్నాడు, పరుగు కోసమా అని. అవునంటే, రేపు తొమ్మిది దాకా రిసాలి వైపు రోడ్డు బంద్ అనీ, అటు పనులుంటే ఇవాళే చూసుకోమనీ చెప్పాడు. మాకు ఇంకే పనీ లేదు. సివిక్ సెంటర్‌లో మా నంబరు కాగితాలూ టీషర్టులూ తీసుకుని, బండి దగ్గర వేడి పోహా, జిలేబీ తిని అక్కావాళ్ల క్వార్టర్‌కి వెళ్లిపోయాం.

ఆ సాయంత్రం పెందలాడే భోజనాలు పెట్టింది అక్క. "వెనకాల కుక్క తరమకుండా ఎవలైనా పరిగెడతారేటే? మీ బావకి తోడు ఇప్పుడు మీరూనా?" అంటూనే ముద్దపప్పు మళ్లీ వడ్డించింది. వాళ్ల కూతురు స్నేహ రాయ్‌పూర్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది. భిలాయ్‌లోనే పుట్టి పెరిగింది, తెలుగు కన్నా హిందీయే ముందు వస్తుంది. పరుగుకి మాతోపాటే పేరిచ్చింది. "మమ్మీ, నువ్వు ఫినిష్ లైన్ దగ్గరికి చాయ్ తెచ్చెయ్, చాలు" అంది.

ఆదివారం ఆరింటికి పరుగు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బావ స్నేహితుడు అప్పలరాజుగారు రిసాలి నుంచి స్కూటరు మీద వచ్చి కలిశారు. వేడెక్కడానికి అటూ ఇటూ గెంతుతుంటే బావ రెండుసార్లు రొమ్ము రుద్దుకున్నాడు. "ఏటి సత్యం?" అని అప్పలరాజుగారు అడిగితే, "రాత్రి పప్పు ఎక్కువైపోనాది. గ్యాస్ పట్టీసింది" అంటూ ఒక మాత్ర నమిలాడు. మేమంతా నవ్వాం.

రవీ, అప్పలరాజుగారూ ముందుకు వెళ్లిపోయారు. బావ, స్నేహ, నేను కలిసి బయల్దేరాం. మొదటిసారి పరుగెత్తేవాళ్లకి భిలాయ్ మంచి ఊరు. సెక్టార్ల రోడ్లు వెడల్పుగా, చదునుగా, రెండు వైపులా చెట్లతో ఉంటాయి. ఒక క్వార్టర్ గేటు దగ్గర చప్పట్లు కొడుతున్న పెద్దావిడ మా తెలుగు విని, "ఎక్కడోళ్లమ్మా మీరు?" అని కేకేసింది. విశాఖపట్నం అన్నాను. "ఓలమ్మ! మాది బొబ్బిలి!" అంటూ కొంతదూరం మాతోపాటే వచ్చేసింది. బావ పగలబడి నవ్వాడు. మైత్రీ బాగ్ పార్కు దగ్గర నీళ్లు తాగాం. ఇంకో మూడు కిలోమీటర్లే ఉన్నాయని స్నేహ చెప్పింది.

రిసాలి రోడ్డు మీద బావ ఆగాడు. "లేసు ఊడింది, మీరెళ్తూండండి" అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. రోడ్డు అంచున కూర్చున్నాడు. లేసు కట్టుకోవడం లేదు. చేయి నేల మీద ఆన్చి, నిద్ర వచ్చినవాడిలా నెమ్మదిగా పక్కకి ఒరిగిపోయాడు. నాకు నవ్వొచ్చింది. మమ్మల్ని ఆటపట్టిస్తున్నాడనే అనుకున్నాను. "లే బావా, చాల్లే" అన్నాను కూడా. దగ్గరికి వెళ్తే ముఖం బూడిద రంగులో ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూడటం లేదు.

స్నేహ నన్ను తోసుకుని వచ్చింది. "పాపా! పాపా!" అని నాన్న భుజాలు కుదిపింది. నోటి దగ్గర చెవి పెట్టింది. "పిన్నీ, సాఁస్ లేదు. ఊపిరి లేదు!" అంటూనే పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి రొమ్ము నడిమిన నొక్కడం మొదలుపెట్టింది. ఏక్, దో, తీన్ అని గట్టిగా లెక్కపెడుతోంది. ఆ నొక్కుడికి బావ ఒళ్లంతా అదురుతోంది. "మెల్లిగా నొక్కవే, నొప్పెడతాది!" అని నేను అరిచాను. అది తల ఎత్తలేదు. "అంబులెన్స్! పిన్నీ, భాగో!"

ఆరోజు నేను నిజంగా పరుగెత్తింది అప్పుడే. నీళ్ల టేబుల్ దగ్గరి వాలంటీర్లకి హిందీలో చెప్పాలనుకుంటే ఒక్క ముక్క రాలేదు. "మా బావ, మా బావ" అని వెనక్కి చేయి చూపించాను. వాళ్లకి భాషతో పనిలేకపోయింది. నేను తిరిగి వచ్చేసరికి ఎవరో ఒక రన్నరు ఆగి స్నేహకి బదులు నొక్కుతున్నాడు. అతను అలిసిపోతే మళ్లీ ఇది. పక్కనుంచి వందలమంది పరుగెడుతూ వెళ్తున్నారు. అంబులెన్స్ ఎంతసేపటికి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. వాళ్లు టీషర్టు కత్తిరించి, రొమ్ముకి రెండు అట్టలు అతికించి, అందర్నీ దూరం జరగమన్నారు. మిషన్ షాక్ ఇచ్చింది. బావ ఒళ్లు ఎగిరిపడింది. ఏమీ లేదు. రెండోసారి ఇచ్చాక నర్సు బావ మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసి, నాడి అందిందన్నట్టు తలూపాడు.

సరిగ్గా అప్పుడే రవి ఫోన్. "ఎక్కడున్నారు? నాకు మెడల్ ఇచ్చేశారు. మీ అక్క చాయ్ పట్టుకుని నిలబడింది, చల్లారిపోతోంది." ఫోన్ స్నేహ లాక్కుని ఆసుపత్రి పేరు మాత్రం చెప్పి పెట్టేసింది.

ఆసుపత్రికి అక్క ఆ ఫ్లాస్కుతోనే వచ్చింది. ఏడవలేదు. "ఏటయిందే? ఆయనికి ఏటవుతాది? జ్వరం కూడా రాదే ఆయనికి" అని అదే మాట వచ్చినవాళ్లందరితో అంటూ ఉంది. గుండెకి వెళ్లే ముఖ్యమైన నాళం మూసుకుపోయిందనీ, పొద్దున వచ్చింది గ్యాస్ నొప్పి కాదనీ డాక్టరు చెప్పారు. స్టెంటు వేశారు. వరండాలో స్నేహని అడిగాను, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావే అని. "కాలేజ్‌లో ఒక పూట క్లాస్ పెట్టారు పిన్నీ. నేను అటెండెన్స్ కోసం వెళ్లాను, అంతే" అంది.

మర్నాడు డాక్టరు బావకి ప్రమాదం తప్పినట్టేనని చెబుతూ, రెండు పక్కటెముకలు విరిగాయని కూడా చెప్పారు. అప్పటిదాకా కన్నీటి చుక్క రాల్చని పిల్ల గోడకి ఆనుకుని కూలబడింది. "నా చేత్తోనా? నేనే తోడ్ దియా? విరిచేశానా?" అని వెక్కి వెక్కి ఏడ్చింది. సరిగ్గా నొక్కితే చాలాసార్లు అలా విరుగుతాయని ఆయన ఎంత చెప్పినా వినలేదు. అలాగే లోపలికి తీసుకెళ్లాం.

"దగ్గితే నొప్పెడతాందమ్మా" అన్నాడు బావ, పీలగా.

"సారీ పాపా."

"సారీ ఏటి? నొప్పి తెలుస్తాంది కదా. తెలియడానికి నేనున్నాను కదా."

అప్పుడు ఏడ్చింది మా అక్క.

విశాఖ వచ్చి నెల దాటింది. బావ ఇప్పుడు క్వార్టర్ చుట్టూ నడుస్తున్నాడు, అక్క పక్కనే నడుస్తోంది. నాకు మాత్రం ఆ దిగ్భ్రమ తగ్గలేదు. మా అందరిలో ఆరోగ్యానికి కొలమానం ఆ మనిషే. ఆయనే పడిపోతే ఇక దేన్ని నమ్ముకోవాలో తెలియలేదు. బీచ్ రోడ్డులో చెంగుచెంగున పరుగెత్తేవాళ్లని చూస్తే ఇదివరకు అసూయ పడేదాన్ని. ఇప్పుడు వాళ్ల ముఖాల్లోకి చూస్తున్నాను. అయినా పరుగు మానలేదు, మానమని బావా అనలేదు. భిలాయ్ వెళ్లండి, ఆ చెట్ల కింద పరుగెత్తండి. మీవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లేటట్టయితే బూట్లు కొనేముందు ఒక్క పని చేయండి: మీలో కనీసం ఇద్దరు ఒక పూట కూర్చుని, ఆగిన గుండెని ఎలా నొక్కాలో నేర్చుకోండి. ఎముక విరుగుతుందేమోనని చేయి వెనక్కి తీసుకోనంత గట్టిగా నేర్చుకోండి.