తమ్ముడి పద్నాలుగు బాల్యాలు

ఎవరికైనా ఒక్కటే బాల్యం ఉంటుంది. చెప్పుల షాపులో పనిచేసే కవిగారికి మాత్రం ఇప్పటికి పద్నాలుగు. ఒక కవితలో పస్తులుంటాడు. ఇంకోదాంట్లో తొమ్మిదేళ్లకే లారీ కింద దూరి నట్లు బిగిస్తాడు. మరోదాంట్లో తల్లి పట్టకారుతో వాతలు పెడుతుంది. చదివినవాళ్లు గుడ్ల నీళ్లు కుక్కుకుంటారు. ఒళ్లు మండేది ఒక్క అక్కకే. ఆవిడ టైలరు. అతుకులు ఇట్టే పట్టేస్తుంది.

"మనింట్లో పట్టకారు ఎక్కడిదిరా? గిన్నెలు మసిగుడ్డతో కదా దింపేది!"

"నిజమేనక్కా."

"పస్తులట! పాలగ్లాసు పట్టుకుని వీధి చివరిదాకా నీ వెంట పరిగెత్తిందెవర్రా?"

"నువ్వే. అదీ రాశాను. సుఖపడ్డ బాల్యాలు మేం వెయ్యం అని పత్రికవాళ్లు తిప్పి పంపారు."

జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు "మీ అమ్మ అంత రాక్షసా?" అని అడగసాగారు. పోయిన తల్లి పరువు ఇలా బజారున పడుతుంటే అక్క తట్టుకోలేకపోయింది. తమ్ముడి కవితల పుస్తకావిష్కరణ సభలో నలుగురి ముందూ వాడి బండారం బయటపెట్టాలని నిశ్చయించుకుంది.

సభలో అధ్యక్షుడు బాల్యమంటే పోయిన వెన్నెల అని అరగంట చెప్పాడు. తర్వాతి వక్త వెన్నెల కాదు, వాన అని ముప్పావుగంట వాదించాడు. చివరికి కవి లేచి పట్టకారు కవిత చదివాడు. అక్క పళ్లు నూరుతుండగా పక్క కుర్చీలోని లారీ మెకానిక్ వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏమైందన్నా?"

"ఇది నా కథమ్మా. చెప్పులు కొనబోతే ఈ కవిగారు కాలి కొలత చూస్తూ చిన్నప్పటి సంగతులు అడిగాడు, చెప్పేశాను. కన్నతల్లి వాతలు పెట్టిందని ఎవరితో చెప్పుకుంటాం? సిగ్గు కదా. 'పోనీ, నాకు జరిగినట్టు రాస్తాలే' అన్నాడు. ఇప్పుడు మా షెడ్డులో అందరూ చదివి అయ్యో అంటుంటే, నన్నే అన్నట్టుంటుంది."

అంతలో వేదిక మీంచి పిలుపు వచ్చింది. "కవిగారి బాల్యానికి ప్రత్యక్ష సాక్షి, వారి అక్కగారు మాట్లాడతారు!"

కవి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అక్క మైకు పట్టుకుంది. అమ్మా, ఏమీ అనుకోకు అని మనసులో దణ్ణం పెట్టుకుంది.

"అన్నీ నిజమేనండీ. ఆ పట్టకారు ఇంకా నా దగ్గరే ఉంది."

మెకానిక్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఇంటికి నడుస్తూ అక్క తమ్ముడి చెవి మెలేసింది. "అమ్మ ఎంత మంచిదో రాయి. రేపే!"

"నేను రాస్తే ఇంకెవరు నమ్ముతారక్కా?"

అక్క చెవి వదిలేసింది.

"అయితే ఆ మెకానిక్ పేరున రాయి. మన అమ్మ అతనికి కూడా ఉండనీ."