మగాళ్ల మడమలు ఆరేదాకా

బూరుల్‌కు మనుషుల ముఖాలు గుర్తుండవు, మడమలు గుర్తుంటాయి. నరీన్ పట్నం బజారులో ఎవరైనా పలకరిస్తే ముందు కిందికి చూస్తుంది. "ఓహో, ఎడమ మడమ పగిలిన నువ్వా" అంటుంది. పెళ్లికెళ్లినా చంకలో అల్ట్రాసౌండ్ పెట్టె ఉండాల్సిందే. అది మడమను రెండు పక్కలా పట్టుకుని లోపలికి శబ్దం పంపుతుంది. దాటివచ్చిన తీరును బట్టి ఎముక గట్టిదో గుల్లదో చెబుతుంది. ఒకసారి పెళ్లికొడుకును గుర్రం దిగనివ్వకుండానే బూటు లాగేసిందట.

వేసవి మేతకొండ మీదికి ఆమె వ్యాను రాగానే తొలొగోన్ ముసలాయన గొణిగాడు. "వచ్చింది, మడమల పిచ్చిది."

"బాబాయ్, ముందు మగాళ్లు. అందరూ ఏట్లో కాళ్లు కడుక్కుని, అరగంట ఎండలో ఆరబెట్టుకుని రండి."

"నాకెందుకే? నిన్ననే గొర్రెను భుజాన మోశాను."

"మోసింది భుజం. నేనడిగింది మడమ."

ఏడుగురు మగాళ్లు ఏట్లో కడుక్కొచ్చి, గుర్రబ్బండి అంచున కూర్చుని కాళ్లు వేలాడేశారు. గొర్రెలు సైతం దూరం జరిగాయి.

తొలొగోన్‌కు ఓ అనుమానం పట్టుకుంది. "చల్లటి మడమకు లెక్క తప్పుతుందంటుంది. మరి మంచునీళ్లలో కడగమంటుందేంరా?"

"పిచ్చికి లెక్కేమిటి నాన్నా" అన్నాడు కొడుకు మెదెర్.

పైగా నిరుడు కూడా ఇలాగే కూర్చోబెట్టి, చివరికి ఛార్జింగ్ అయిపోయిందని వెళ్లిపోయింది. సంగతేమిటో తేల్చుకుందామని ముసలాయన, బూరుల్ పెట్టెతో దూరిన గుడారం దగ్గరికి నడిచాడు. తలుపు సందులోంచి చూసి ఆగిపోయాడు.

పెట్టెలో ఉన్నది కోడలు ఐజిరెక్ మడమ. మామ ముందు కోడలు పాదం బయటపెట్టదు. నాలుగేళ్లలో ఆయన ఆ పాదం చూసిందే లేదు. వసంతంలో గడప దగ్గర జారితేనే ఆమె మణికట్టు విరిగింది. సుకుమారం అన్నారంతా. రేపట్నుంచి పాలడబ్బాలు మళ్లీ ఆమే మోయాలని తేల్చింది ఆయనే.

"ఎముక గుల్లబారినట్టుందమ్మా. పట్నంలో పెద్ద స్కాన్ తీస్తేగానీ గట్టిగా చెప్పలేం. అప్పటిదాకా డబ్బాలు ఎత్తకు" అంటోంది బూరుల్.

"మామయ్య ఒప్పుకోరక్కా."

"నేను మాట్లాడతాలే. మేజోడు వేసుకో, నీ తోడికోడల్ని పిలు. మగాళ్లు వచ్చేస్తారు."

ముసలాయన చప్పుడు కాకుండా వెనక్కి తిరిగాడు. మెదెర్ అప్పటికే బండి దిగుతున్నాడు.

"కూర్చోరా. ఇంకా ఆరలేదు."

"ఎండి పగులుతున్నాయి నాన్నా."

"అయితే మళ్లీ కడుక్కోండి. రేపు నీ పెళ్లాన్ని పట్నం తీసుకెళ్లి స్కాన్ తీయించు. డబ్బాలు నేను మోస్తాను. నా మడమ భేషుగ్గా ఉంది."

"బూరుల్ ఇంకా నీ మడమ చూడనేలేదుగా?"

"చూడదు కూడా" అంటూ తొలొగోన్ పొడికాళ్లతో అందరికంటే ముందు ఏట్లోకి దిగాడు.